గాజుదూది

వీధిలో అందరూ ఆమెను కొలిమక్క అనేవారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రాగి గొట్టాలు అతికే గ్యాసు టార్చి ఆమె చేతిలో మండుతూ ఉండేది, అది ఒక కారణం. రెండో కారణం ఎప్పుడూ ఆమె ముక్కు మీదే కూర్చుని ఉండేది. కోపం వచ్చిందంటే ఎదురుగా ఉన్నది హీటరు కొనడానికి వచ్చినవాడా, కన్నతండ్రా అని చూసేది కాదు. "దీని నోటికి జడిసి రేకు కూడా చెప్పినట్టు వంగుతుంది" అని తండ్రి మురిసిపోయేవాడు.

తండ్రి రేకుల పనివాడు. బకెట్లతో, డబ్బాలతో మొదలుపెట్టి, వయసు మీద పడ్డాక సోలార్ హీటర్ల దగ్గరికి వచ్చి ఆగాడు. ఆయన పోయాక షెడ్డు ఇద్దరు కూతుళ్ళ చేతికి వచ్చింది. కొలిమక్క పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "నన్ను తట్టుకునేవాడికి ఆర్డరిచ్చాను, ఇంకా తయారై రాలేదు" అనేది. చెల్లెలు, చెల్లెలి మొగుడు, వాళ్ళ చిన్న పాప షెడ్డు వెనకున్న గదుల్లో కాపురం ఉండేవారు. మరిదికి వీధి పెట్టిన పేరు తేనెనోరు. మండుటెండలో నిలబెట్టి మంచుగడ్డ అమ్మగలడని ప్రతీతి.

పని ముగ్గురూ పంచుకున్నారు. కొలిమక్క రాగి గొట్టాలను ఎండ వేడిని పీల్చే నల్లరేకుకు అతికేది. చెల్లెలు హీటరు పెట్టెలోపల అడుగునా, పక్కలా గాజుదూది కూరి, దాని మీద నల్లరేకు పరిచి, పైన గాజుపలక బిగించేది. నీళ్ళు నిలవుండే ట్యాంకుకూ అంతే. లోపలి ట్యాంకుకూ బయటి రేకుకూ మధ్య ఖాళీ అంతా దూదితో నింపేది. మరిది అమ్ముకొచ్చేవాడు, మేడల మీదికెక్కించి బిగించేవాడు.

గాజుదూది అంటే గాజును సన్నటి దారాలుగా లాగి చేసే పసుపుపచ్చటి దూది. మెత్తగా కనిపిస్తుంది కాని దాని ప్రతి పోగూ ఒక ముల్లు. అది లేకపోతే హీటరు లేదు. ఎండకు నీళ్ళు కాగడంలో గొప్పేమీ లేదు, రాయి కూడా కాగుతుంది. ఆ వేడిని పెట్టె వీపు నుంచీ ట్యాంకు ఒంటి నుంచీ జారిపోకుండా తెల్లారేదాకా పట్టి ఉంచడంలోనే ఉంది కిటుకంతా. "ఎండ ఊరికే వస్తుంది. దాన్ని దాచిపెట్టడానికే జనం మన దగ్గరికొస్తారు" అని కొలిమక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. చెప్పడమే కాదు, నమ్మేది.

చలి మొదలైన రోజుల్లో ఒక ఉదయం ప్రసూతి ఆసుపత్రి పెద్ద నర్సు షెడ్డు గుమ్మంలో వచ్చి నిలబడింది. ఊరికి ఆ చివరనున్న చిన్న ఆసుపత్రి అది. వానలు వెలిసిన కొత్తలో దాని మేడ మీద హీటరు పెట్టారు.

"మీ హీటరు మమ్మల్ని ముంచింది" అంది నర్సు, కూర్చోమన్నా కూర్చోకుండా.

"ఏమైంది సిస్టర్? నీళ్ళు కాగట్లేదా?"

"పగలు బాగానే కాగుతున్నాయి. తెల్లారి చూస్తే బావిలోంచి తోడినట్టున్నాయి. మాకు నీళ్ళు కావాల్సిందే తెల్లవారుజామున."

కొలిమక్క టార్చి ఆర్పలేదు. "సాయంత్రం ఎవరో వాడేస్తున్నారు. వార్డు దుప్పట్లు ఆ నీళ్ళతోనే ఉతుకుతున్నారేమో కనుక్కోండి. నా ట్యాంకులో నీళ్ళు అంత తొందరగా చల్లారవు."

నర్సు ఆమె వైపే చూస్తూ గొంతు తగ్గించింది. "నిన్న పొద్దున మా ఆయా వంటగదిలో నీళ్ళు మరగబెట్టి, ఆ గిన్నె పట్టుకుని మెట్లెక్కుతూ జారింది. భుజం నుంచి మణికట్టు దాకా కాలిపోయింది. అప్పుడే పుట్టిన బిడ్డ ఒళ్ళు తుడవడానికి పట్టుకెళ్తున్న నీళ్ళవి. ఇప్పుడు చెప్పండి, మేం దుప్పట్లు ఉతుక్కుంటున్నామా?"

టార్చి ఆరిపోయింది. కొలిమక్క చేతి తొడుగులు లాగి బల్ల మీద పడేసి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుంది. "పదండి" అంది.

ఆసుపత్రి మేడ మీద తాళ్ళనిండా చిన్న చిన్న తెల్లగుడ్డలు ఆరేసి ఉన్నాయి. వాటి మధ్య నుంచి వంగి వెళ్ళి కొలిమక్క ముందు ట్యాంకు బయటి రేకు మీద అరచెయ్యి ఆనించింది. రేకు వెచ్చగా ఉంది. పని తెలియనివాళ్ళెవరికైనా అది శుభవార్తలా తోచేది. కాని ట్యాంకు చేసినవాళ్ళకు తెలుసు, బయటి రేకు ఎప్పుడూ చల్లగానే ఉండాలి. అది వెచ్చబడిందంటే లోపలి వేడి గోడ దూకి పారిపోతున్నట్టే.

ఆమె కిందికి వంగి పెట్టె వీపు తడిమి, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. కాలుతోంది. అప్పుడు కాస్త ఎడంగా నిలబడి గాజుపలక వైపు తేరిపార చూసింది. గాజు లోపలివైపు పాలు ఒలికి ఎండినట్టు తెల్లటి పొర. ముక్కుకు ఏదో మాడిన వాసన, ప్లాస్టిక్ వాసన.

నర్సు మెట్ల దగ్గర నిలబడి చూస్తోంది. కొలిమక్క వెనకరేకు మరలు విప్పింది. రేకు ఊడి రాగానే లోపల్నుంచి తెల్లటి ముక్కలు జారి ఆమె పాదాల మీద పడ్డాయి. థర్మాకోల్. ఫ్రిజ్జులూ టీవీలూ కొన్నప్పుడు అట్టపెట్టెలో చుట్టూ పెట్టి ఇస్తారే, ఆ థర్మాకోల్. నల్లరేకు వేడికి అది కరిగి, కుంచించుకుని, కాకులు పొడిచిన పండులా గుంటలు పడి ఉంది. ఒక మూల నల్లబడింది. మూడొంతుల పెట్టె ఖాళీ. ట్యాంకు మూత విప్పితే అక్కడా అదే సంగతి. థర్మాకోల్ నలిపి పోసిన పొడి అంతా అడుక్కి దిగిపోయి, పైసగం ట్యాంకు ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడి ఉంది.

ఒక్క పోగు గాజుదూది లేదు.

కొలిమక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె కరిగిన ముక్క ఒకటి సంచీలో వేసుకుని మెట్లు దిగింది. కింద వరండాలో బెంచీ మీద ఆయా కూర్చుని ఉంది. నడివయసు మనిషి, చెయ్యంతా కట్టు. కట్టు లేని చేత్తోనే ఒక పసిబిడ్డను జోకొడుతోంది.

"నువ్వేనా ఆ పెట్టె చేసింది?" అంది ఆయా.

"నేనే."

"ఏమైందట దానికి?"

కొలిమక్క సంచీలోని ముక్కను చేత్తో అదిమి పట్టుకుంది. "కనుక్కుని వచ్చి చెప్తాను" అంది.

"కనుక్కో. ఈలోపు ఇది మానదులే" అంది ఆయా, కట్టు వైపు చూసుకుంటూ.

దారి పొడుగునా కొలిమక్క తనలో తానే మాట్లాడుకుంటూ నడిచింది. ఎదురొచ్చినవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. పైన పటారం లోన లొటారం అని ఎంతోమంది సరుకును ఆమె వెక్కిరించింది. ఇప్పుడు ఆ సామెత తన షెడ్డు సరుకుకే వచ్చి అతుక్కుంది. ఆ పెట్టెలోని ప్రతి అతుకూ తను వేసినదే. ప్రాణం పెట్టి వేసింది. ఆ అతుకులన్నీ ఎందుకు? ఆకాశానికి వేడి పంచడానికి.

షెడ్డు ముందున్న ఖాళీ జాగాలో మరిది వ్యానుకు ట్యాంకు కడుతున్నాడు. కొలిమక్క సంచీలోంచి ముక్క తీసి అతని కాళ్ళ దగ్గర పడేసింది.

"ఇదేంటి?"

తేనెనోరు ముక్కను చూశాడు. దొంగకు తేలు కుట్టినట్టు ఒక్క క్షణం బిగుసుకుపోయాడు. తర్వాత నవ్వాడు. "థర్మాకోల్ అక్కా."

"థర్మాకోల్ అని నాకూ తెలుసు. నా పెట్టెలో దీనికేం పని?"

"ఇది కూడా వేడిని ఆపేదే కదక్కా. ఐసుడబ్బాలన్నీ దీంతోనే చేస్తారు. రోజంతా ఐసు కరగదు."

"ఐసుకి పనికొచ్చింది నిప్పుకి పనికొస్తుందా? నల్లరేకు మీద నీళ్ళ చుక్క పడితే చుయ్యిమంటుంది. దాని కింద దీన్ని పెడతావా? నీ తలకాయలో కూడా ఇదే కూరారా?"

"అక్కా, నెమ్మదిగా. వీధంతా వింటోంది."

"విననీ. ఆసుపత్రిలో ఒకామె చెయ్యి తోలు ఊడిపోయి కూర్చుంది. అది కూడా వీధంతా వినాలి. నీళ్ళు చల్లారిపోయి, పొయ్యి మీద మరగబెట్టుకుని మోసుకెళ్తూ పడింది. నువ్వు పెట్టిన దీనివల్ల."

అతని ముఖంలో రక్తం దిగిపోయింది. వ్యానుకు కట్టిన తాడు వదిలేశాడు. "ఎవరు? ఆయానా? నాకు టీ ఇచ్చింది ఆమే."

"ఎన్నాళ్ళ నుంచి?"

అతను వంగి, వదిలేసిన తాడు ఏరుకోబోయాడు.

"అడుగుతున్నాను. ఎన్నాళ్ళ నుంచి, ఎన్ని మేడల మీద?"

"వానలు తగ్గినప్పటి నుంచి... అన్నిటికీ."

కొలిమక్క ఇంకో అడుగు అతని మీదికి వేసింది. "మిగిలిన దూది ఎవరికి అమ్ముకుంటున్నావు?"

"అమ్ముకోవడమేంటక్కా..."

"మరి? నేను లోపల కళ్ళు పోగొట్టుకుని అతుకులేస్తుంటే, వీపు ఎవరు చూస్తార్లే అనుకున్నావా? మా నాన్న చేతుల మీద నిలబడ్డ షెడ్డు ఇది. నీ తేనెమాటలు తీసుకుని నడువు. నా గుమ్మం తొక్కకు."

అతను తల దించుకుని నిలబడ్డాడు. అదే కొలిమక్కకు ఇంకా మంట పుట్టించింది. ఎదురు తిరిగితే రెండు దెబ్బలు వేసి ఊరుకునేదేమో. దోషిలా నోరు మూసుకుని నిలబడ్డవాడితో ఎవరైనా ఎంతసేపు పోట్లాడగలరు?

"ఆయన్నెందుకంటావు?" అని వెనక నుంచి వినిపించింది.

చెల్లెలు గది గుమ్మంలో నిలబడి ఉంది. తలగుడ్డ, పొడుగు చేతుల చొక్కా, మెడదాకా గుండీలు.

"నువ్వు లోపలికి పో. నీ మొగుణ్ణి నేను అడుగుతున్నాను" అంది కొలిమక్క.

"కూరేది నేను. అడగాల్సింది నన్ను. నేనే తెమ్మన్నాను. ఎలక్ట్రిక్ షాపువాళ్ళు పారేసేది ఊరికే వస్తుందని తెచ్చిచ్చాడు. నేనే పెట్టాను."

"నీకు పిచ్చి పట్టిందా?"

చెల్లెలు చొక్కా చేతులు భుజాల దాకా లాగి, రెండు చేతులూ ముందుకు చాపింది. మెడ గుండీ కూడా విప్పింది. చర్మమంతా ఎర్రటి దద్దుర్లు, గీక్కున్న చారలు, చారల మీద పొక్కులు. వేళ్ళ సందులు పగిలి ఉన్నాయి. కొలిమక్క చూసింది. రోజూ పక్కపక్కనే కూర్చుని తినే మనిషి చేతులవి. ఎప్పుడూ పొడుగు చొక్కా చేతులు వాటిని మూసి ఉండేవి కదా అని అప్పుడు గుర్తొచ్చింది.

"మానుతున్నాయి ఇప్పుడు. దూది మానేశాక ఈమాత్రం నయం" అంది చెల్లెలు.

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్పాను. వేసవిలో ఒకసారి చెప్పాను. 'నాన్న చేతులకి పట్టలేదా, అలవాటైపోతుంది' అన్నావు. దగ్గొస్తోందని చెప్పాను. 'నీళ్ళు ఎక్కువ తాగు' అన్నావు. మూడోసారి చెప్పబోతే టార్చి మోతలో వినపడట్లేదన్నావు. ఆ తర్వాత చెప్పడం మానేశాను."

"చేతికి తొడుగులు కొనుక్కోకూడదా, మూతికి గుడ్డ కట్టుకోకూడదా?"

"తొడుగులేసుకుంటే ఆ మూలల్లోకి దూది దూరదు. గుడ్డ కట్టుకుంటే ఆ గదిలో ఊపిరాడదు. ఎలా ఆడుతుంది? కిటికీకి చెక్క కొట్టించింది ఎవరు? దూది ఎగిరొచ్చి నీ అతుకుల్లో పడి బుడగలొస్తున్నాయని నువ్వే కదా కొట్టించావు. నీ అతుకులు బాగున్నాయి. మరి ఆ ఎగిరే దూదంతా ఎక్కడికి పోతుందనుకున్నావు? ఇక్కడికి." గొంతు మీద వేలితో కొట్టుకుంది. "రోజూ పెట్టెల వీపులు తడిమి చూస్తావు. తోడబుట్టినదాని వీపు ఒక్కనాడు తడిమావా?"

కొలిమక్క నోరు తెరిచింది. చెల్లెలు ఆగలేదు. ఏళ్ళ తరబడి అణిచిపెట్టినది, మూత ఎగిరిపోయాక ఆగదు.

"పాప నా పక్కన పడుకోవడం మానేసింది, తెలుసా నీకు? ఎంత కడుక్కున్నా బట్టల్లోంచి పోదు అది. దగ్గరికి తీసుకుంటే 'అమ్మా, గుచ్చుకుంటున్నావు' అంటుంది. తల్లి గుచ్చుకుంటోందట. ఆ మాట విన్న రోజే ఈయన్ని థర్మాకోల్ తెమ్మన్నాను."

కొలిమక్క కోపం చల్లారలేదు. ఏ వైపు తిరగాలో తెలియక ఉన్నచోటే సుళ్ళు తిరిగింది.

"సరే" అంది. "నేను చెవిటిదాన్ని, గుడ్డిదాన్ని. కాని దూది కూరనని నాతో తెగేసి చెప్పాల్సింది. పని ఆపెయ్యాల్సింది. నీ బాధ నాకు చెప్పకుండా ఎవరి మేడ మీదో దాచావు. ఆ ఆయా ఏం చేసింది నిన్ను?"

"ఏ ఆయా?"

మొగుడు నెమ్మదిగా చెప్పాడు. చెల్లెలు విని, గుమ్మంలోనే చతికిలబడింది. చాపిన చేతులు అలాగే ఒళ్ళో పెట్టుకుని, "నీళ్ళు కాస్త తొందరగా చల్లారుతాయి, అంతే అనుకున్నాను" అంది. "అంతే అనుకున్నానక్కా."

ఆ మధ్యాహ్నం కొలిమక్క దూది కూరే వెనకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మూల పడి ఉన్న పాత గాజుదూది చుట్ట విప్పి, కత్తిరించి, ఒక పెట్టె ముందేసుకుని కూరడం మొదలుపెట్టింది. ఎవరితోనో పందెం కట్టినట్టు ఒట్టి చేతులతోనే. ఒక పెట్టె అయ్యేసరికి గదిలో పసుపు నుసి తలుపు సందులోంచి పడ్డ ఎండకిరణంలో దోమల్లా తిరుగుతోంది. రెండో పెట్టెకు ముంజేతులు మండటం మొదలైంది. గీక్కుంటే పోగులు ఇంకా లోపలికి దిగాయి. మెడ, చెవుల వెనక, కనురెప్పలు. దగ్గు తెర తెరలుగా వచ్చింది. తలుపు తీసుకుని బయటికొచ్చి కుళాయి కింద చేతులు సబ్బుతో రుద్దుకుంటే అది కొరివితో తల గోక్కున్నట్టే అయింది.

పాప గచ్చు మీద బొమ్మలు పరుచుకుని ఆడుకుంటోంది. పెద్దమ్మ వచ్చి పక్కన కూలబడగానే అలవాటుగా ఒళ్ళోకి ఎక్కింది. ఎక్కినదల్లా మెడ తడుముకుని లేచిపోయింది.

"నువ్వు కూడా గుచ్చుతున్నావు పెద్దమ్మా."

కొలిమక్క లేచింది. షెడ్డులోంచి పెద్ద సుత్తి తీసుకుని వెనకగది కిటికీ దగ్గరికి వెళ్ళింది. మొదటి దెబ్బకు చెక్క పగిలింది, రెండో దెబ్బకు సగం ఊడి వేలాడింది, ఆ తర్వాత దెబ్బలు చెక్కకు అవసరం లేదు, ఆమెకే అవసరం. నాన్న మీద కోపం, ఆ దూది మీద కోపం, మూడుసార్లు విని వినని తన చెవుల మీద కోపం. పొరుగింటివాళ్ళు గోడ మీదుగా తొంగి చూశారు. "ఏంటక్కా, ఇల్లు కూలుస్తున్నావా?" అని ఎవరో అడిగారు. "ఇంకా ఆలోచిస్తున్నా" అంది.

చెల్లెలు వచ్చి కిటికీ అవతల నిలబడింది. చెక్క ముక్కల వైపు చూసింది, అక్క చేతుల వైపు చూసింది. అప్పటికే అవి మోచేతుల దాకా ఎర్రబడ్డాయి.

"ఒట్టి చేతులతో కూరావా?"

"ఆఁ."

"బుద్ధి లేదు నీకు" అంది చెల్లెలు. లోపలికి వెళ్ళి కొబ్బరినూనె సీసా, బంకకాగితం చుట్ట తెచ్చింది. కాగితం చర్మానికి అంటించి, లాగి, పోగులు ఊడబీకింది. నొప్పి పుట్టేలాగే లాగింది.

మర్నాడు కొలిమక్క మరిదిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. గుమ్మం తొక్కొద్దన్న మాట ఆమె వెనక్కి తీసుకోలేదు, అతనూ గుర్తుచేయలేదు. నర్సు గదిలో జరిగింది జరిగినట్టు చెప్పింది. నర్సు నమ్మలేనట్టు చూసి, "ఇంత తెలిసి కూడా మళ్ళీ మీ చేతే చేయించుకోవాలా నేను?" అంది. ఆమె అన్న ప్రతి మాటా కొలిమక్క నిలబడి విన్నది. అన్నీ అయ్యాక, "ఇంకెవరితో చేయించుకున్నా సరే. పాతది విప్పి తీసుకెళ్ళే పని మాత్రం నాది. ఆ వాసన కింద గదుల్లోకి దిగితే పసిపిల్లలకి మంచిది కాదు" అంది. నర్సు చాలాసేపు ఆలోచించి, చివరికి తనే మేడ తాళం ఇచ్చి, "కొత్తది కూడా మీరే పెట్టండి, ఈసారి బిగించేముందు లోపల నాకు చూపించండి" అంది.

ఆయా మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "తప్పయిపోయిందమ్మా" అని తేనెనోరు చేతులు జోడిస్తే, "నీ తప్పు నా చేతికి మందా?" అంది. "టీ ఇచ్చాను నీకు. రెండు గ్లాసులు తాగావు. తాగుతున్నంతసేపూ మా మేడ మీద బంగారం పెట్టినట్టు చెప్పావు." ఆయా కొలిమక్క వైపు తిరిగి, ఆమె చేతుల మీది దద్దుర్లు చూసింది. "నీకేమైంది?"

"ఏదో పని చేస్తుంటే."

"బాగానే ఉంది వరస" అని, ఆయా ముఖం తిప్పుకుంది.

కొత్తగా ఏం పెట్టాలన్నది వెతకడానికి కొన్నాళ్ళు పట్టింది. చివరికి రాయిని కరిగించి దారాలు తీసి చేసే రాతిదూది పలకలు దొరికాయి. రెండు వైపులా వెండిరంగు కాగితం అంటించి, అట్టలా బిగువుగా ఉండేవి. కూరనక్కర్లేదు, కొలతకు కోసి పెట్టెలో దించితే చాలు. గాజుదూదిలా నుసి ఎగరదు, ఏళ్ళు గడిచినా అడుక్కి జారదు. కోసేటప్పుడు మాత్రం గుచ్చుకుంటుంది. అందుకని కోత గదిలోంచి ఖాళీ జాగాలోకి, గాలికి వీపు పెట్టి కూర్చునే చోటికి మారింది. తొడుగులు, మూతికి గుడ్డ, కళ్ళకు అద్దాలు. ట్యాంకులకు అదే దూది చాపను వంపు తిరిగేలా చుట్టి, తీగతో బిగించి, పైన రేకు మూశారు.

ఆ తర్వాత మేడలు. వానలు తగ్గినప్పటి నుంచి పెట్టిన ప్రతి హీటరు దగ్గరికీ ముగ్గురూ వెళ్ళారు. ముందు తేనెనోరు వెళ్ళి తలుపు కొట్టి, తన నోటితోనే చెప్పాలన్నది కొలిమక్క షరతు. అమ్మేటప్పుడు ఎంత తీపిగా చెప్పావో, ఇప్పుడు అంత చేదుగా చెప్పు అంది. కొన్ని ఇళ్ళలో తిట్టారు. ఒక ఇంట్లో కుక్కను వదిలారు. ఒకాయన మాత్రం, "మా నీళ్ళు బాగానే ఉన్నాయే, ఎందుకు విప్పడం?" అని అడ్డం పడ్డాడు. కొలిమక్క అతన్ని పక్కకు తోసుకుని మేడెక్కేసింది. వీపు విప్పి చూపించాక, అప్పటిదాకా బాగున్న నీళ్ళు ఎప్పుడూ చల్లగానే ఉండేవని అతనికి గుర్తొచ్చింది.

ఈ పనులన్నీ అయ్యేదాకా అక్కాచెల్లెళ్ళు పని మాటలు తప్ప వేరే మాట మాట్లాడుకోలేదు. ఆసుపత్రి మేడ మీద ఆఖరి మర బిగించిన రోజు, మెట్లు దిగుతూ చెల్లెలు చెప్పింది. "ఇక నేను దూది ముట్టను. పలకైనా, చాపైనా."

"సరే. నేను కోస్తాను."

"నువ్వొక్కదానివే కోస్తే అతుకులెవరు వేస్తారు?"

కొలిమక్క ఆగి వెనక్కి చూసింది.

"నాకు టార్చి నేర్పు" అంది చెల్లెలు. "నాన్న నీకే నేర్పాడు. నన్ను గదిలో కూర్చోబెట్టాడు. నువ్వూ అలాగే కూర్చోబెట్టావు. ఒక వారం నువ్వు అతుకు, నేను గాజుపలకలు బిగిస్తాను. ఒక వారం నేను అతుకుతాను, నువ్వు దూది కోసుకో. ఆయన కూడా కోయాలి. కుదరదంటే చెప్పు, వేరే పని చూసుకుంటాను."

"నీ వేళ్ళ పగుళ్ళు ఇంకా మానలేదు. మంట దగ్గర పట్టు జారకూడదు."

"నా వేళ్ళు ఎందుకు పగిలాయో నీకు తెలుసు."

కొలిమక్కకు మళ్ళీ కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక సంచీ ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకుంది. "సోమవారం రా. పొద్దున్నే రావాలి, ఆలస్యమైతే నేర్పను" అంది.

సోమవారం చెల్లెలు అక్క కంటే ముందే వచ్చి బల్ల ముందు కూర్చుంది. కొలిమక్క పక్కన నిలబడి, మంట ఎంత నీలంగా ఉండాలో, రాగి ఏ రంగుకు వచ్చాక అతుకుపెట్టే తీగ అందించాలో చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అరిచింది. చెల్లెలు మొదటి గొట్టం మాడ్చింది. రెండోదానికి కరిగిన లోహం ముద్దగా ఒక పక్కే కారింది. మూడోది చూడటానికి అందంగా వచ్చింది. దాన్ని నీళ్ళ తొట్టిలో ముంచి, ఒక కొస మూసి, రెండో కొసలోకి గాలి పంపు కొట్టారు. ఇద్దరూ తొట్టి మీదికి వంగారు. అతుకు దగ్గర్నుంచి సన్నటి బుడగలు వరసగా పైకొచ్చాయి.

"చూశావా, కారుతోంది" అంది కొలిమక్క. "ఎన్నిసార్లు చెప్పాను, తీగ తొందరపడి పెట్టొద్దని? నీకు చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే."

"నెత్తి మీద నిలబడి అరుస్తుంటే ఎవరికైనా కారుతుంది. కాస్త అవతలికి జరుగు."

కొలిమక్క నోటిదాకా వచ్చిన మాటను మింగి, ఒక అడుగు అవతలికి జరిగింది. చెల్లెలు గొట్టం తొట్టిలోంచి తీసి, గుడ్డతో తుడిచి, టార్చి మళ్ళీ వెలిగించింది.